కురత్సిస్తో పుట్టుక: ఎస్పెరాంటో వృత్తిపదాల మీద తెగని వాదం

ఎస్పెరాంటోలో వైద్యుణ్ని కురత్సిస్తో అంటారు. ఆ భాషను రూపొందించిన లుడ్విక్ జామెన్‌హాఫ్ స్వయంగా కురత్సిస్తో, వార్సాలో పేదల కళ్లు చూసిన డాక్టరు. అయితే 1887లో వచ్చిన తొలి పాఠ్యపుస్తకం మీద ఆయన పెట్టుకున్న మారుపేరు 'దొక్తోరో ఎస్పెరాంతో'. దొక్తోరో పట్టా పేరు, కురత్సిస్తో చేసే పని పేరు. మొదటిది ఐరోపా భాషలన్నిటిలో తిరుగుతున్న మాటను ఉన్నదున్నట్టు దించుకున్నది. రెండోది ఆ భాష సొంత సామగ్రితో కట్టుకున్నది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. తర్వాతి అడుగులోనే చిక్కు మొదలవుతుంది. దర్జీకి తైలోరో, క్షురకుడికి బర్బీరో, హోటల్లో వడ్డించేవాడికి కెల్నేరో అని ఒకే ముక్కగా ఉన్న పదాలు ఎందుకున్నాయి? వడ్రంగికి చర్పెంతిస్తో, తాపీ మేస్త్రీకి మసోనిస్తో, కసాయికి బుచిస్తో అని 'ఇస్త్' తగిలించిన పదాలు ఎందుకున్నాయి? సంపాదకుణ్ని రెదక్తోరో అనాలా, రెదక్తిస్తో అనాలా?

నూరేళ్లకు పైగా సాగుతున్న ఈ చర్చలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమైపోయాయి. పదం ధ్వని ఏ భాష నుంచి వచ్చిందన్నది ఒకటి. పదాన్ని ఎక్కడ విడదీయాలన్నది ఇంకొకటి. మూడోదాన్ని ఎక్కువమంది పట్టించుకోరు, కానీ అసలు కీలకం అక్కడే ఉంది: ఆ పదమూలం భాషలోకి మనిషి పేరుగా అడుగుపెట్టిందా, పని పేరుగానా, వస్తువు పేరుగానా? వృత్తిపదం రూపాన్ని చాలావరకు నిర్ణయించేది ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అని ఈ సమీక్ష వాదిస్తుంది. మన వ్యాకరణాలు క్రియకు ధాతువనీ నామానికి ప్రాతిపదిక అనీ మొదటే వేరుచేసి పెట్టాయి. ఎస్పెరాంటోలో రెండింటికీ ఒకటే మాట, రదీకో. ఆ తేడాను పైకి చూపకుండా లోపల దాచుకోవడమే ఈ భాషలో సగం వ్యుత్పత్తి తగాదాలకు కారణం.

ఆధారాలు ఎంతవరకు

తానే ఒంటిచేత్తో భాష కట్టిన మనిషి ఏ పదం ఎక్కడి నుంచి తెచ్చాడో రాసిపెట్టి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. జామెన్‌హాఫ్ రాయలేదు. 1887 పుస్తకంలో ఉన్నది తొమ్మిది వందల పైచిలుకు పదమూలాల పట్టిక. ఆ తర్వాత వచ్చిన 'ఉనివెర్సాల వొర్తారో' అనే నిఘంటువు ప్రతి మూలానికీ ఫ్రెంచ్, ఇంగ్లిష్, జర్మన్, రష్యన్, పోలిష్ అర్థాలు ఇస్తుంది గానీ పుట్టుక మాట ఎత్తదు. 1905లో బులోన్ సుర్ మేర్‌లో జరిగిన తొలి ప్రపంచ మహాసభ ఈ నిఘంటువునూ, పదహారు సూత్రాల వ్యాకరణాన్నీ, అభ్యాసాల పుస్తకాన్నీ కలిపి 'ఫుందమెంతో' పేరుతో ఎవరూ మార్చరాని పునాదిగా ఆమోదించింది. అంటే పదాలు గడ్డకట్టాయి, వాటి వెనకున్న ఆలోచన మాత్రం అచ్చుకెక్కలేదు. ఎబ్బె విల్బొరి 1989 నుంచి 2001 వరకు అయిదు సంపుటాలుగా తెచ్చిన వ్యుత్పత్తి నిఘంటువు గానీ, ఆంద్రే షెర్పియో 2003లో వెలువరించిన సంక్షిప్త నిఘంటువు గానీ ఈ లోటును పోలికలతో పూరించే ప్రయత్నాలే. ఆకర భాషల్లోని సాటి రూపాలను అవి పక్కపక్కన పేరుస్తాయి. వాటిలో ఏది జామెన్‌హాఫ్ చెవిలో మోగిందో పాఠకుడే ఊహించుకోవాలి.

ఆయన స్వయంగా చెప్పిన సంగతి ఒకటుంది, అది వృత్తులకే సంబంధించినది కావడం విశేషం. నికొలాయ్ బొరోవ్‌కోకు రాసిన ఉత్తరంలో, హైస్కూలు రోజుల్లో నిఘంటువుల లావు చూసి బెంబేలెత్తిన తనకు ఒక దారి ఎలా కనబడిందో చెప్పుకున్నాడు. దారిలో రోజూ చూసే రష్యన్ బోర్డు 'ష్వెయ్‌త్సార్‌స్కాయా', అంటే ద్వారపాలకుడి గది. తర్వాత కనబడినది 'కొందీతెర్‌స్కాయా', మిఠాయి చేసేవాడి దుకాణం. రెండింటి చివరా ఒకే తోక. ఆ తోకలను పట్టుకుంటే ఒక పదం నుంచి నాలుగు పదాలు తీయవచ్చనీ, లావు నిఘంటువు కరిగిపోతుందనీ అప్పుడు తట్టిందట. ఈ ఉత్తరాన్ని వృత్తిపదాలను ప్రత్యయంతోనే కట్టాలనేవాళ్లు తరచూ తమ పక్షానికి సాక్ష్యంగా తెస్తారు. జాగ్రత్తగా చదివితే అది వాళ్లనుకున్నంత బలంగా పలకదు. ఆ బోర్డుల మీద కదిలింది వెనకున్న తోక. ముందున్న వృత్తి పేర్లు, ద్వారపాలకుడూ మిఠాయివాడూ, విడదీయని ముక్కలుగానే ఉన్నాయి. మనిషి పేరును పగలగొట్టాలా, అలాగే ఉంచాలా అన్న ప్రశ్నకు ఆ బోర్డులు జవాబు చెప్పవు.

కురత్సిస్తోను విప్పితే

చివరి 'ఓ' నామానికి గుర్తు. దాని ముందున్న 'ఇస్త్' ప్రత్యయం. దాని పుట్టుక మీద తగాదా లేదు: గ్రీకు నుంచి లాటిన్ మీదుగా ఐరోపా అంతటా పాకిన ప్రత్యయమది. నిఘంటువులోని అయిదు భాషల్లోనూ అది కాస్త అటూ ఇటూగా అదే రూపంలో ఉంది. జామెన్‌హాఫ్ దాన్ని ఎంచుకోవడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. కొత్తదనం ఎంపికలో లేదు, వాడకంలో ఉంది. ఆ భాషల్లో ఈ ప్రత్యయం పియానో వాయించేవాడికో, పళ్ల డాక్టరుకో, ఒక సిద్ధాంతాన్ని నమ్మేవాడికో తగులుతుంది. రొట్టెలు కాల్చేవాడికీ తోటమాలికీ ఒక్కో భాషలో ఒక్కో పాత ప్రత్యయం ఉంది. ఎస్పెరాంటో ఆ గీత చెరిపేసింది. రొట్టెలవాడు బకిస్తో, వంటవాడు కుయిరిస్తో, బూట్లు కుట్టేవాడు బోతిస్తో, చివరికి దొంగ కూడా ష్తెలిస్తో. వైద్యుడూ దొంగా ఒకే ప్రత్యయం పంచుకోవడం కొందరికి నచ్చలేదు. పని అలవాటుగా చేస్తున్నాడా లేదా అన్నదే ఇక్కడ లెక్క గానీ ఆ పనికి గౌరవం ఉందా లేదా అన్నది కాదు.

అసలు చిక్కు 'కురత్స్' దగ్గర. దీని తాత లాటిన్ 'కురారే' అన్నది స్పష్టం: బాగోగులు చూడటం, చికిత్స చేయడం. జర్మన్‌లో చికిత్సకు 'కూర్' అన్న మాట ఉంది. మరి ఎస్పెరాంటోలో 'కుర్' అని సరిపెట్టకుండా 'కురత్స్' ఎందుకయింది? ఒక కారణం కళ్లెదుటే ఉంది: 'కూరి' అంటే ఈ భాషలో పరుగెత్తడం. 'కురిస్తో' అంటే పరుగుపందెంవాడు అవుతాడు. కానీ ఢీకొనకుండా తప్పించుకోవడానికి ఏ అక్షరం చేర్చినా సరిపోయేది, 'త్స' ఎందుకు? ఇక్కడ పోలిష్ వైపు చూడాలి. అక్కడ చికిత్సా క్రమాన్ని 'కురాత్స్యా' అంటారు, లాటిన్ 'కురాతియో'కు అది మధ్య ఐరోపా ఉచ్చారణ. లాటిన్ 'తియో' ఫ్రెంచ్ నోట్లో 'స' అవుతుంది, వార్సాలో 'త్స' అవుతుంది. ఎస్పెరాంటోలో జాతికి 'నత్సీయో' అన్న పదం కూడా ఇదే దారిన వచ్చింది. కాబట్టి ధ్వని సాక్ష్యం పోలిష్ పక్షానే మొగ్గుతుంది. ఒక మెలిక మాత్రం మిగిలే ఉంది. 'నత్సీయో'లో 'ఇ' నిలిచింది, 'కురత్స్'లో రాలిపోయింది. ఇదొక ప్రమాదమని పక్కన పెట్టేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇదే అసలు ఆధారంగా కనిపిస్తుంది. 'ఇ' ఉంచితే వచ్చేది చికిత్స అనే నామం. 'ఇ' తీసేస్తే చేతికి వచ్చేది చికిత్స చేయడమనే క్రియ. జామెన్‌హాఫ్‌కు కావలసింది క్రియ. ఆ క్రియ నుంచి మందుకు కురత్సీలో, వైద్యుడికి కురత్సిస్తో తీశాడు. నయం చేయడానికి వేరే మాట, రెసనీగి, కట్టుకున్నాడు.

నాలుగు వాదాలు

మొదటి పక్షాన్ని సహజవాదులు అనవచ్చు. ఐరోపా భాషల్లో ఇప్పటికే ఉమ్మడిగా ఉన్న పదాన్ని అలాగే తెచ్చుకోవడమే మేలు అంటారు వీళ్లు: రెదక్తోరో, దిరెక్తోరో, అక్తోరో. వీళ్ల ఆయుధం ఫుందమెంతోలోని పదిహేనో సూత్రం, ఎక్కువ భాషలు ఒకే చోటు నుంచి తెచ్చుకున్న మాటలను ఎస్పెరాంటో రాత మార్చి అలాగే వాడుకోవచ్చనేది. రెండో పక్షం పొందికవాదులది. అదే సూత్రం రెండో సగాన్ని వీళ్లు పైకెత్తి చూపిస్తారు: ఒకే మూలం నుంచి పుట్టిన పలు మాటలుంటే ప్రధానమైనదాన్నే తెచ్చుకుని మిగతావాటిని ఎస్పెరాంటో నియమాలతో కట్టుకోవడం మంచిదని అది చెబుతుంది. 'రెదక్తి' ఉండగా 'రెదక్తోరో' వేరే మూలంగా ఎందుకు? ఒకే సూత్రం మీద రెండు పక్షాలూ కాళ్లు మోపి నిలబడ్డాయి. 1989లో 'లా బోన లింగ్వో' రాసిన క్లోద్ పిరోన్ ఈ రెండో పక్షానికి ఇటీవలి కాలంలో గట్టి గొంతు. ఇబ్బడిముబ్బడిగా కొత్త మూలాలు తేవడం భాష నేర్చుకునేవాడి మీద బరువు పెంచుతుందని ఆయన వాదం. కంప్యూటర్‌కు 'కొంపుతీలో' నిలబడటం, ప్రోగ్రామర్‌ను 'ప్రొగ్రమిస్తో' అనడం ఆ పక్షానికి దక్కిన గెలుపులే.

మూడోది తర్కవాదుల పక్షం. ఫ్రెంచ్ తత్త్వవేత్త లూయి కూతురా 1907లో ఎస్పెరాంటో పదనిర్మాణం మీద రాసిన అధ్యయనంలో, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి వెళ్లిన దారినే వెనక్కీ రాగలగాలని పట్టుబట్టాడు. వృత్తిపదాల్లో ఆ లోటు సూటిగానే కనబడుతుంది. బూటు నుంచి బోతిస్తోకు వెళ్లాం సరే, అతను బూట్లు కుడతాడా, అమ్ముతాడా, తుడుస్తాడా? ప్రత్యయం చెప్పదు. అభ్యాసాల పుస్తకం చెబుతుంది గనుక కుడతాడని మనకు తెలుసు. పుస్తకాల 'లిబ్రిస్తో' మాత్రం వాటిని అమ్మేవాడు, రాసేవాడు కాదు. ఒకే ప్రత్యయం ఒకచోట తయారీ, ఇంకోచోట వ్యాపారం. ఈ వాదాల వేడిలోనే అదే ఏడాది ఈదో భాష పుట్టింది. అది వైద్యుడికి 'మెదీకో' అని లాటిన్ రూపాన్ని తీసుకుంది. వృత్తిగా చేసేవాడికి 'ఇస్త్', సరదాగా చేసేవాడికి 'ఎర్' అని ప్రత్యయాన్ని రెండుగా చీల్చింది. 1951 నాటి ఇంటర్‌లింగ్వా 'మెదికో' అని పూర్తిగా సహజవాదం వైపు వెళ్లిపోయింది. ఒకే వైద్యుడికి ఈ మూడు కృత్రిమ భాషలు పెట్టిన పేర్లు చూస్తే చాలు, ఏది ఏ సిద్ధాంతం పక్షాన నిలిచిందో తెలిసిపోతుంది.

కూతురాకు జవాబిచ్చినవాడు రెనె ద సొస్యూర్, భాషాశాస్త్రవేత్త ఫెర్దినాన్ ద సొస్యూర్ తమ్ముడు. ఆయన 1910లో చూపిన దారి నుంచి నాలుగో పక్షం పెరిగింది. కల్మాన్ కలొచాయ్, గస్తోన్ వరింఘ్యెన్ 1935లో 'ప్లేన గ్రమతీకో'లో దానికి పూర్తి రూపమిచ్చారు. ప్రతి పదమూలానికీ లోపల ఒక స్వభావం ఉంటుందనీ, పైకి కనబడకపోయినా అదే నిర్మాణాన్ని నడుపుతుందనీ వీళ్ల సిద్ధాంతం. పాత ఉదాహరణ ఒకటుంది: దువ్వడం క్రియ గనుక దువ్వెనకు సాధన ప్రత్యయం చేర్చి 'కొంబీలో' అనాలి. బ్రష్షు వస్తువు గనుక 'బ్రోసో' చాలు, తుడవడానికి దాన్నే క్రియ చేసుకుంటే సరి. 1967లో ఎస్పెరాంటో అకాడమీ ఈ అంతర్గత స్వభావాన్ని తన నిర్ణయంలో అంగీకరించింది. వృత్తులకు అన్వయిస్తే లెక్క ఇలా తేలుతుంది: 'మసోన్' పని, కాబట్టి మేస్త్రీ కావాలంటే 'ఇస్త్' చేర్చాలి. 'తైలోర్' మనిషి, దానికి 'ఇస్త్' చేర్చితే దర్జీకి దర్జీతనం అంటగట్టినట్టే.

నాలుగు పక్షాల్లో వివరణ శక్తి ఎక్కువున్నది ఈ చివరిదే. కానీ అది ఆగిన చోట అసలు ప్రశ్న మొదలవుతుంది. 'మసోన్' పని అనీ 'తైలోర్' మనిషి అనీ నిర్ణయించిందెవరు, ఏ లెక్కన? కలొచాయ్, వరింఘ్యెన్ దాన్ని నిఘంటువు ఇచ్చిన దత్తాంశంగా తీసుకున్నారు. వ్యుత్పత్తి అడగాల్సింది సరిగ్గా అక్కడే.

మొండి పదాల సాక్ష్యం

ఫ్రెంచ్‌లో తాపీ మేస్త్రీ 'మసోఁ', ఇంగ్లిష్‌లో 'మేసన్'. రెండూ మనుషుల పేర్లు. ఎస్పెరాంటో 'మసోని' మాత్రం రాతితో కట్టడమనే పని. వడ్రంగం కూడా అంతే. కసాయి సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ఫ్రెంచ్ 'బుషే' అంటే కసాయి మనిషి. ఎస్పెరాంటో 'బుచి' అంటే వధించడం. చివరున్న వృత్తి గుర్తును క్రియ గుర్తులా ఒలిచేసి, లోపలి ముక్కను పనిగా మార్చారు. 'ష' బదులు 'చ' రావడం విడ్డూరం కాదు, ఫ్రెంచ్ గుర్రం, గది, టోపీ కూడా ఎస్పెరాంటోలో 'చ'తోనే దిగాయి. పైగా 'బూషో' అప్పటికే నోరు. మనిషి పేరు నుంచి పనిని పిండడం జామెన్‌హాఫ్‌కు కొత్త విద్య కాదు. పెళ్లికాని యువతిని పిలిచే జర్మన్ మాటలోని చివరి భాగాన్ని స్త్రీ ప్రత్యయంగా చదివి, దాన్ని కోసేసి, బ్రహ్మచారికి 'ఫ్రౌలో' తయారుచేసిన మనిషాయన.

ఇలా కోయడం అలవాటైన చేయి బర్బీరో, తైలోరో, కెల్నేరో దగ్గర ఎందుకు ఆగింది? ఎక్కువగా వినబడే జవాబు గుద్దుకోవడం గురించిన భయం. 'బర్బ్' అంటే గడ్డం. 'కేలో' అంటే నేలమాళిగ. నిజానికి జర్మన్ వడ్డనవాడు పుట్టిందే నేలమాళిగ చూసుకునేవాడి నుంచి. కానీ ఈ జవాబు నిలవదు. గడ్డం పని చేసేవాణ్ని 'బర్బిస్తో' అంటే కొంపలేమీ మునగవు, బూటు పని చేసేవాడు బోతిస్తో అయినట్టే. 'కెల్నేరో' విషయంలో భయపడాల్సింది ఇంకో వైపు నుంచి: 'ఎర్' ఈ భాషలో రేణువుకు గుర్తు, కాబట్టి కెల్నేరోను తప్పుగా విడదీసే ప్రమాదం ఉంది, అయినా జామెన్‌హాఫ్ దాన్ని అలాగే ఉంచాడు.

నాకు సరిపడినట్టు తోచే వివరణ ఇది. ఆ పనికి అప్పటికే భాషలో మరో క్రియ ఉందా లేదా అని చూడాలి. గడ్డం గీయడానికి 'రాజి' ఉంది, ఫ్రెంచ్ నుంచి వచ్చింది. కుట్టడానికి 'కూద్రి' ఉంది, కత్తిరించడానికి 'తోంది' ఉంది. వడ్డించి సేవ చేయడానికి 'సెర్వి' ఉంది. పనికి క్రియ ముందే ఉన్న, అంటే పని గడి నిండి ఉన్న ఈ మూడుచోట్లా వృత్తి పేరు మనిషిగానే, పగలకుండా దిగింది. రాతికట్టుకూ, వడ్రంగానికీ, పశువధకూ, చికిత్సకూ వేరే క్రియ లేదు. ఖాళీగా ఉన్న ఆ గడి నింపడానికి వృత్తి పేరునో దాని దగ్గరి చుట్టాన్నో ఒలిచి క్రియగా కూర్చోబెట్టాడు. తర్వాత మనిషి కావలసినప్పుడు 'ఇస్త్' తప్పనిసరయింది. మసోనిస్తోలోని 'ఇస్త్' పోగొట్టుకున్న మనిషిని తిరిగి తెచ్చుకోవడం. తైలోరోలో ఆ మనిషి ఎన్నడూ పోలేదు.

ధ్వనులు కూడా ఇదే కథను బలపరుస్తాయి. తైలోరో ఏ పొరుగు భాషదీ కాదు. దర్జీకి జర్మన్, పోలిష్, రష్యన్ మాటలు మూడూ మూడు దిక్కులు, ఒక్కటీ దీనికి దగ్గర లేదు. ఇంగ్లిష్ అక్షరాలను ఒక్కొక్కటిగా పలికితే వచ్చే రూపమిది, ఫ్రెంచ్ ఉచ్చారణలోని మొదటి సగం దానికి తోడయింది. కెల్నేరో జర్మన్, పోలిష్, రష్యన్ మూడింటిలోనూ దాదాపు ఇదే రూపంలో ఉంది. బర్బీరో ఫ్రెంచ్ రాతకూ జర్మన్ ఉచ్చారణకూ కలిసొచ్చేది. అంటే ఒకే ముక్కగా దిగిన మూడు పదాలకూ పుట్టిన భాష ఉమ్మడి కాదు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది, పని గడి ముందే నిండి ఉండటం. వ్యుత్పత్తిని కేవలం ఏ భాష అన్న ప్రశ్నగా కుదిస్తే ఈ పోలిక కంటికి ఆనదు.

రెండు దారులూ కలిసే చోట

దెంతిస్తో, ఒకులిస్తో, జుర్నలిస్తో వంటి పదాలను అప్పుగా చదవవచ్చు, కట్టుగానూ చదవవచ్చు. పన్ను 'దెంతో', కన్ను 'ఒకూలో', పత్రిక 'జుర్నాలో'. ప్రత్యయం చేర్చితే సరిగ్గా ఐరోపా భాషల్లోని వృత్తిపేరే వస్తుంది. జామెన్‌హాఫ్ సొంత వృత్తి ఒకులిస్తోయే ఇందుకు మచ్చుతునక. రూపంతో తేల్చలేం గనుక అర్థాన్ని అడగాలి. కేవలం కట్టు అయితే పళ్ల పనివాడంటే కట్టుడు పళ్లు చేసేవాడు కూడా కావచ్చు, పత్రికలవాడంటే వాటిని అమ్మేవాడు కావచ్చు, లిబ్రిస్తో లాగా. ఎవరూ అలా వాడరు. పళ్ల వైద్యుడనీ విలేకరి అనీ అర్థాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ బిగుతు అప్పు నుంచే వస్తుంది. కట్టు అందుకు దొరికిన సౌకర్యం. వీటికి ఎదురుగా 'తురిస్తో' ఉంది. 'తూరో' అంటే ఎత్తైన గోపురం, కాబట్టి కట్టుగా చదివితే పర్యాటకుడు గోపురాల పనివాడు అయిపోతాడు. అది నిస్సందేహంగా అప్పు. వ్యాకరణవేత్తలు దాన్ని విడదీయరాని మూలంగానే లెక్కిస్తారు.

అభ్యంతరాలు

సూటిగా వచ్చే మొదటి అభ్యంతరం: మనిషి పేరును ఒలవడం జామెన్‌హాఫ్ చేసిన పని కాకపోవచ్చు. ఫ్రెంచ్‌లో తాపీ పనికీ వడ్రంగానికీ క్రియలు ముందే ఉన్నాయి, ఇంగ్లిష్‌లో కసాయి పేరే క్రియగానూ నడుస్తుంది. ఆయన ఆ క్రియలనే తెచ్చుకుని ఉండవచ్చు కదా. ఉండవచ్చు, చాలావరకు అలాగే జరిగి ఉంటుంది కూడా. కానీ అది పై వివరణను దెబ్బతీయదు. జర్మన్‌లో గడ్డం గీయడానికి బర్బీర్ నుంచి వచ్చిన క్రియ ఉంది. ఫ్రెంచ్ దర్జీ పుట్టిందే కత్తిరించడమనే క్రియ నుంచి. ఆ రెండు క్రియలనూ ఆయన తీసుకోలేదు. ఆకరంలో క్రియ ఉన్నంత మాత్రాన అది మూలం కాలేదంటే ఎంపికను నడిపింది ఆకరం కాదు, ఎస్పెరాంటో లోపలి అవసరం.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. పని గడి నిండి ఉంటే మనిషి పేరు ముక్కగా దిగాలి అంటే, 'కూద్రి' నుంచి కుట్టుపని చేసే స్త్రీకి 'కుద్రిస్తీనో' ఎందుకొచ్చింది? బూట్లు కుట్టేవాడికి వస్తువు నుంచి కట్టిన పదమే ఎందుకు చాలింది? ఇక్కడ నా వివరణ హద్దు కనిపిస్తుంది. పేరును పగలగొట్టాలా వద్దా అన్నంతవరకే అది చెబుతుంది. ఉన్న సామగ్రితో కట్టుకునే వీలుండగా తైలోరోను అప్పు తేవడం దేనికన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. న్యాయవాదికి 'అద్వొకాతో', సైనికుడికి 'సొల్దాతో' అంటే పదిహేనో సూత్రం కాపాడుతుంది, అవి అందరికీ తెలిసిన మాటలు. తైలోరోకు ఆ రక్షణ కూడా లేదు.

మూడో అభ్యంతరం వాడుకరుల వైపు నుంచి: వేటగాడు అనే తెలుగువాడు 'గాడు' పుట్టుక తెలుసుకునే మాట్లాడుతున్నాడా, భాష నడవడానికి వ్యుత్పత్తి ఎందుకు అని. నడవడానికి అక్కర్లేదు, నిజమే. కానీ రెదక్తోరోనా రెదక్తిస్తోనా అని తగువు పడేటప్పుడు రెండు పక్షాలూ ఫుందమెంతోనూ జామెన్‌హాఫ్ ఉద్దేశాన్నీ సాక్ష్యానికి పిలుస్తాయి. అలా పిలిచినప్పుడు ఆ ఉద్దేశం ఏమిటన్నది చరిత్ర ప్రశ్నగా మారుతుంది, దానికి చరిత్ర పద్ధతిలోనే జవాబు వెతకాలి.

తేలనివి

'ఇస్త్' సరిహద్దులు ఇప్పటికీ పొరుగు ప్రత్యయాలతో రాసుకుంటూనే ఉన్నాయి. పోలీసుకు సభ్యత్వ ప్రత్యయంతో 'పొలిత్సానో' అనీ, వృత్తి ప్రత్యయంతో 'పొలిత్సిస్తో' అనీ రెండూ నడుస్తున్నాయి. అభ్యాసాల పుస్తకంలోనే నౌకర్లను వర్తమాన క్రియారూపంతో 'సెర్వంతోయ్' అని పిలిచి, వెంటనే వాళ్లలో వంటవాడికీ బండి తోలేవాడికీ 'ఇస్త్' వాడారు. అదే పుస్తకం గ్రంథాలు రాసే వెర్కిస్తోనూ కాగితాలకు నకళ్లు రాసే స్క్రిబిస్తోనూ వేరుచేసి చూపింది. రెండూ రాతపనులే అయినా తేడా అంతా మూలంలో ఉంది, ప్రత్యయంలో కాదు.

ఆడ, మగ సంగతి వేరే తగువుగా కనబడుతుంది గానీ దాని వేళ్లూ ఇక్కడే ఉన్నాయి. ఆ నౌకర్ల జాబితాలో గది సర్దే మనిషినీ పిల్లల్ని చూసుకునే మనిషినీ 'ఇన్' అనే స్త్రీ ప్రత్యయం చేర్చి చెప్పారు, ఆ పనులు ఆడవాళ్లవే అన్న అప్పటి అలవాటుతో. వైద్యురాలిని 'కురత్సిస్తీనో' అని ప్రత్యేకంగా గుర్తించడం చాలాకాలం మర్యాదగా చెల్లింది. ఇప్పటి వాడుకలో ఎక్కువమంది కురత్సిస్తోను ఇద్దరికీ వర్తించే మాటగానే తీసుకుంటున్నారు. పురుషుడికి విడిగా 'ఇచ్' ప్రత్యయం కావాలనే ప్రతిపాదన ఉంది, దానికి అధికార ముద్ర పడలేదు. పురుడు పోసే మంత్రసాని 'అకుషిస్తీనో' దగ్గర ఈ రెండు తగువులూ ముడిపడతాయి. ఫ్రెంచ్ ప్రసవ క్రియ నుంచి వచ్చిన మూలం అది. స్త్రీ ప్రత్యయం తీసేసి 'అకుషిస్తో' అంటే కొందరికి మంత్రసాని పనిని ఆడామగా తేడా లేకుండా చెప్పే పేరు, ఇంకొందరికి కాన్పుల డాక్టరు. ఏ వ్యాకరణ సూత్రమూ ఈ రెండర్థాల్లో ఒకదాన్ని ఇంతవరకు కొట్టివేయలేదు.